వదులైన స్పార్క్ ప్లగ్గును బిగించే ముందు విప్పి చూడండి

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను బొబ్బిలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. నా దగ్గర ఎనిమిదేళ్ళ నాటి నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు ఉంది. దసరా సెలవుల్లో, విజయనగరం సిరిమాను పండుగకు బయలుదేరే ముందు, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ కొత్తవి వేయించాను. కొద్ది రోజులకే, పొద్దున్న స్టార్టు చేయగానే ఇంజను పైభాగం నుంచి టిక్ టిక్ మనే శబ్దం మొదలైంది. సాలూరు దాటి ఘాటీ ఎక్కుతుంటే ఇంజను ఆగి ఆగి కొట్టుకుంటూ మిస్సింగ్ వచ్చి పికప్ పడిపోయింది. చెక్ ఇంజన్ లైటు మెరిసింది. ఇంకో మెకానిక్కుకు చూపిస్తే, నాలుగో సిలిండరు ప్లగ్గు వదులుగా ఉందని, ముప్పావు చుట్టు వేళ్ళతోనే తిరిగిందని చెప్పి, పొడవాటి హ్యాండిలుతో గట్టిగా బిగించేశారు. శబ్దం పోయింది గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ ఇంకా వస్తోంది. ఇప్పుడేమో ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్ళు నాలుగూ మార్చాలంటున్నారు. రెండో సిలిండరు ప్లగ్గు తీసి చూసినప్పుడు తెల్లటి పింగాణీ మీద గోధుమరంగు మరక కనిపించింది. అది గ్యాసు లీకని ఒకరన్నారు. థ్రెడ్లకు టెఫ్లాన్ టేపు చుడితే మళ్ళీ వదులవదని మా బావమరిది అంటున్నాడు. అసలు ప్లగ్గు ఎందుకు వదులైంది? ఇంజనుకు నష్టం జరిగిందా? వచ్చే వారం మా అమ్మగారిని అరసవల్లి తీసుకువెళ్ళాలి. ఈ బండిలో వెళ్ళవచ్చా?

సమాధానం: మాస్టారూ, ముందుగా అరసవల్లి సంగతి చెబుతాను. నాలుగో ప్లగ్గు తీసి కొత్తది వేయించి, మిస్సింగ్ పూర్తిగా పోయిందని తేలేవరకూ ఆ బండిలో దూరప్రయాణం పెట్టుకోకండి. ఈలోగా దర్శనానికి వెళ్ళవలసి వస్తే అమ్మగారిని బస్సులో తీసుకువెళ్ళండి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగి ఉండటం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. అది మెరిసిందంటే, సిలిండరులో మండకుండా మిగిలిన పెట్రోలు పొగగొట్టం దారిలో ఉండి పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతూ, దాన్ని మితిమీరి వేడెక్కిస్తూ ఉండవచ్చునని అర్థం. కన్వర్టరు లోపలి జల్లెడ కరిగిందంటే అయ్యే ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు, వాటిని విప్పి బిగించే కూలి లెక్కలోకి రావు. ఊళ్ళో ఉన్న షెడ్డు దాకా నెమ్మదిగా తోలుకుపోవచ్చును గానీ, లైటు మెరుస్తుండగా ఘాటీ ఎక్కడం మాత్రం వద్దు.

ఇక అసలు విషయం. మీరు అడిగినవాటిలో చాలా ప్రశ్నలకు జవాబు ఆ నాలుగో ప్లగ్గు మీదే ఉంటుంది. దాన్ని బయటికి తీసి చూడకుండా, ఉన్నచోటనే బిగించేయడం వల్ల ఆ జవాబు ఇంజను లోపలే ఉండిపోయింది. వదులుగా కనిపించిన ప్లగ్గును బిగించడం చికిత్స కాదు. వదులుగా ఉన్న కాలంలో ఆ ప్లగ్గుకూ, ఇంజను పైభాగమైన సిలిండరు హెడ్డులోని థ్రెడ్లకూ, ప్లగ్గు పైన తొడిగిన రబ్బరు బూటుకూ ఏమైందో చూసిన తరువాతనే పానా పట్టుకోవాలి.

ఎందుకు వదులైందంటే, నా అంచనాలో అది తరువాత వదులైనది కాదు, మొదటి రోజే బిగించకుండా మిగిలిపోయినది. కొత్త ప్లగ్గుకు ఉండే వాచరు లోపల బోలుగా మడిచిన లోహపు రింగు. ప్లగ్గును వేళ్ళతో తిప్పుకుంటూ వెళ్ళి, వాచరు హెడ్డుకు ఆనిన తరువాత, పానాతో ఇంచుమించు అర చుట్టు తిప్పితే ఆ బోలు రింగు నలిగి చదునవుతుంది. అలా నలిగిన వాచరు ఇచ్చే బిగువు వల్లనే ప్లగ్గు ఇంజను అదురుకూ, వేడెక్కి చల్లారే ఒత్తిడికీ తట్టుకుని నిలుస్తుంది. నాలుగు ప్లగ్గులూ ఒకే రోజు, ఒకే చేతి మీదుగా వేసినప్పుడు, కొద్ది రోజుల్లోనే వాటిలో ఒక్కటే, అదీ ముప్పావు చుట్టు వేళ్ళతో తిరిగేంత వదులుగా దొరికిందంటే, దాని వాచరు నలగనే లేదని అనుకోవడమే సబబు. నాలుగింటినీ ముందు చేత్తో ఎక్కించి, వరసగా పానా వేసుకుంటూ వచ్చేటప్పుడు ఎవరో పిలిచి ఉంటారు, చివరిది మిగిలిపోయి ఉంటుంది. పండుగ ముందు షెడ్లలో ఉండే హడావిడి మీకు తెలియనిది కాదు. అయితే మరికొన్ని కారణాలను కూడా కొట్టిపారేయకూడదు: ప్లగ్గు కూర్చునే చోట ఇసుక రేణువు పడటం, పాత వాచరు హెడ్డుకే అతుక్కుని ఉండగా దాని మీద కొత్త వాచరు పడి రెండు వాచర్లు కావడం, ప్లగ్గు వంకరగా ఎక్కి అడుగు దాకా దిగకుండానే బిగుసుకోవడం, లేదా అంతకుముందు ఎప్పుడో అతిగా బిగించడం వల్ల థ్రెడ్లు సాగిపోయి ఉండటం. ఇవన్నీ ప్లగ్గు తీస్తే గానీ తెలియవు.

ప్లగ్గు వదులుగా ఉంటే శబ్దం ఒక్కటే ఇబ్బంది అనుకోకండి. మండే గదిలో ఉండే ప్లగ్గు కొన తన వేడిలో ఎక్కువ భాగాన్ని థ్రెడ్ల ద్వారా, వాచరు ద్వారా హెడ్డుకు అప్పగిస్తుంది. హెడ్డు చుట్టూ తిరిగే కూలెంటు నీరు ఆ వేడిని తీసుకుపోతుంది. కొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే మసి తనంతట తానే కాలిపోతుంది, 850 డిగ్రీల దాకా ప్లగ్గు నిశ్చింతగా పనిచేస్తుంది. హెడ్డుతో గట్టి తాకిడి లేని ప్లగ్గుకు ఆ వేడి పోయే దారి లేదు. కొన 950 డిగ్రీల దరికి చేరిందంటే నిప్పురవ్వ రాకముందే ఆ కొనే గాలి–పెట్రోలు మిశ్రమాన్ని అంటించగలదు. దాన్నే ప్రీ ఇగ్నిషన్ అంటారు. అది ఎక్కువ సేపు సాగితే పిస్టను పైభాగం కరిగి చిల్లు పడవచ్చు. వదులైన ప్లగ్గు పక్కనుంచి బయటికి చిమ్మే వేడి వాయువు అల్యూమినియం థ్రెడ్లను తినేస్తుంది, బూటు రబ్బరును పెళుసెక్కిస్తుంది. మరీ వదిలేస్తే ప్లగ్గు థ్రెడ్లతో సహా పైకి ఎగిరి, కాయిల్‌ను కూడా పగలగొట్టిన సందర్భాలు ఉన్నాయి. మీ బండి అంత దూరం పోలేదు. ఘాటీ మీద బరువుతో మిస్సింగ్ తెలిసిందంటే, ఎక్కువ ఒత్తిడి అవసరమైన వేళ గ్యాసు బయటికి పోతోందన్నమాట. ఇప్పుడు శబ్దం పోయినా అదే చోట మిస్సింగ్ మిగిలిందంటే, ప్లగ్గు పింగాణీ పగలడమో, బూటు దెబ్బతినడమో జరిగిందని నా అనుమానం. పొడవాటి హ్యాండిలు కాస్త పక్కకు ఒరిగితే చాలు, సాకెట్టు లోపల పింగాణీ చిట్లిపోతుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. రాత్రంతా నిలిపి ఉంచిన బండి మీద, ఇంజను చేతికి చల్లగా తగిలినప్పుడు పని మొదలుపెట్టించండి; వేడి మీద అల్యూమినియం హెడ్డులోంచి ప్లగ్గు తీస్తే థ్రెడ్లు ఒరుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. తాళం తీసేసి, కాయిల్ కనెక్టరు విడదీసి, దాని బోల్టు విప్పి, కాయిల్‌ను ఎడమకూ కుడికీ కొంచెం తిప్పి వదులు చేసి నిటారుగా పైకి లాగాలి. ఆ వెంటనే పానా దించకూడదు. ముందు ప్లగ్గు దిగి ఉన్న గుంటలోకి కంప్రెసరు గాలి కొట్టించండి, కళ్ళకు అడ్డు పెట్టుకుని. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు లారీలు తిరిగే రోడ్ల మీద నడిచే బండ్లలో ఆ గుంటల అడుగున గరుకు ధూళి పేరుకుని ఉండటం మామూలే. ప్లగ్గు తీయగానే ఆ ధూళి నేరుగా సిలిండరులోకి రాలి, గోడలను గీస్తుంది. ఈ ఒక్క పని చేయని షెడ్డులో ప్లగ్గులు విప్పించవద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ప్లగ్గు తిరగడం మొదలయ్యాక మధ్యలో పట్టేసి గరగరమంటే, బలవంతం చేయకుండా కొంచెం వెనక్కి బిగించి, నూనె చుక్క వేసి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. బయటికి వచ్చాక పగటి వెలుతురులో కింది నుంచి పైకి చూడండి. కొన లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, లేదా బండి ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగక ప్లగ్గు వేడెక్కడం లేదని అనుకోవాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తిరిగే బండ్లలో ఈ మసి సాధారణం. తడి నూనె ఉంటే పిస్టను రింగుల వైపు, వాల్వు సీళ్ళ వైపు చూడాలి. మీ నాలుగో ప్లగ్గులో నేను వెతికేది వీటిలో ఏదీ కాదు: సున్నంలా తెల్లబారి, చిన్న చిన్న పొక్కులు లేచిన పింగాణీ, అంచులు కరిగి గుండ్రమైన ఎలక్ట్రోడు. అవి కనిపిస్తే ప్లగ్గు వదులుగా ఉన్న రోజుల్లో మితిమీరి వేడెక్కిందనడానికి సందేహం అక్కరలేదు. అప్పుడు బోరోస్కోపు కెమెరా ఉన్నచోట ఆ గుంటలోంచి పిస్టను తలను ఒకసారి చూపించుకోవడం మంచిది. తరువాత వాచరు చూడండి. ఒక పక్కన మసి చార ఉంటే గ్యాసు అక్కడినుంచే బయటికి పోయింది. థ్రెడ్ల సందుల్లో వెండిలా మెరిసే అల్యూమినియం పొరలు అంటుకుని ఉంటే హెడ్డు థ్రెడ్లు దెబ్బతింటున్నాయన్నమాట.

రెండో ప్లగ్గు మీది గోధుమరంగు మరక గురించి చాలామంది పొరబడతారు. షట్కోణపు లోహం పైన, పింగాణీ మొదట్లో, చుట్టూ సమానంగా పట్టీలా ఉండే మరక గ్యాసు లీకు కాదు. అక్కడి అధిక వోల్టేజి చుట్టుపక్కల గాలిలోని నూనె తుంపరలను ఆకర్షించి పింగాణీకి అంటించడం వల్ల అది వస్తుంది. దాన్ని కరోనా మరక అంటారు, దానితో ప్లగ్గు పనికి లోటు లేదు. పట్టించుకోవలసింది వేరే ఉంది: పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు పైనుంచి కిందికి దిగే సన్నని నల్ల గీత. నిప్పురవ్వ లోపలి కొన దగ్గర దూకకుండా, పింగాణీ పక్కనుంచి లోహానికి దూకుతోందనడానికి అది ఆనవాలు. అటువంటి గీతే బూటు లోపలి గోడ మీద కూడా ఉంటుంది, టార్చి వేసి చూస్తే కనబడుతుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి పాత బూటు ఉంచితే, ఆ గీత వెంటే కరెంటు మళ్ళీ దారి వెతుక్కుని, కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది. కనుక రెండూ కలిపే మార్చాలి.

కాయిళ్ళు నాలుగూ మార్చాలన్న సలహాకు నేను ఒప్పుకోను. ఒక సిలిండరులో తేడా ఉన్నప్పుడు మిగతా మూడు కాయిళ్ళు చేసిన తప్పేమిటి? బండి కంప్యూటరును చదివే స్కానరు పెట్టిస్తే ఏ సిలిండరు మిస్ అవుతోందో కోడ్ చెబుతుంది. నాలుగో సిలిండరైతే పి0304 వస్తుంది. ఇంజను ఆపి, నాలుగో కాయిల్‌ను ఒకటో సిలిండరు మీద, ఒకటో దాన్ని నాలుగో దాని మీద పెట్టించి, కోడ్ చెరిపేసి, మెల్లగా కొంత దూరం నడపండి. ఈసారి పి0301 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్ళిందన్నమాట, ఆ ఒక్క కాయిల్ మార్చితే చాలు. పి0304 అక్కడే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. కొత్త ప్లగ్గు వేసి చూడాలి, అదీ కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరునూ, సిలిండరులోని ఒత్తిడిని, అంటే కంప్రెషనునూ పరీక్షించాలి. పూర్వం బండ్లలో చేసినట్టు, ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క కనెక్షనూ పీకి చూసే పద్ధతి ఈ బండ్లకు పనికిరాదు. ఆ వోల్టేజి వేల వోల్టులలో ఉంటుంది, పైగా ఆ కాస్త సేపూ మండని పెట్రోలు కన్వర్టరులోకి పోతూనే ఉంటుంది.

శబ్దం మళ్ళీ వస్తే, అది ప్లగ్గు దగ్గరిదా, వాల్వులను కదిపే ట్యాపెట్లదా అన్న సందేహం రావచ్చు. ట్యాపెట్ల చప్పుడు బరువుతో పెద్దగా మారదు. ప్లగ్గు లీకు చప్పుడు యాక్సిలరేటరు తొక్కగానే పెరుగుతుంది. పొగగొట్టం మొదట్లో, మేనిఫోల్డు గాస్కెట్టు దగ్గర లీకున్నా చల్లటి ఇంజనులో ఇదే రకం టిక్ టిక్ వస్తుంది, వేడెక్కాక తగ్గిపోతుంది. మొదట ప్లగ్గుల బిగువు చూసుకున్నాకనే దాని జోలికి వెళ్ళండి.

మీ బావమరిది గారి సలహాకు వస్తే, టెఫ్లాన్ టేపు నీళ్ళ పైపులకు తగినది, ప్లగ్గు థ్రెడ్లకు కాదు. అది హెడ్డుకూ ప్లగ్గుకూ మధ్య అడ్డుపడి వేడిని ఆపుతుంది, కరెంటు తిరిగిపోయే దారికి కూడా ఆటంకమవుతుంది, ఆపైన ఆ వేడికి నిలవదు. ఎం-సీల్ పూయడం, వాచరు కింద ఇంకో వాచరు వేయడం కూడా ఇదే తరహా వైద్యాలు. థ్రెడ్లకు గ్రీజు గానీ, పట్టేయకుండా పూసే యాంటీ సీజు గానీ పూయాలా అని కొందరు అడుగుతారు. మంచి కంపెనీల ప్లగ్గుల థ్రెడ్లకు తుప్పు పట్టకుండా పూత వేసే వస్తుంది, కనుక తయారీదారు చెప్పనిదే పూయనవసరం లేదు. జిడ్డు మీద అదే బలంతో తిప్పినా ప్లగ్గు అవసరానికి మించి బిగుసుకుంటుందన్న సంగతి చాలా షెడ్లలో మరిచిపోతారు.

కొత్త ప్లగ్గు వేయించేటప్పుడు మీరు దగ్గరుండి చూడండి. పెట్టెలోంచి తీసేటప్పుడు ప్లగ్గు సిమెంటు నేల మీద పడిందంటే, పైకి బాగున్నట్టు కనిపించినా దాన్ని పక్కన పెట్టించండి; పింగాణీ లోపల చీలిక కంటికి కనబడకపోవచ్చు, నిప్పురవ్వ దూకే కొనల మధ్య గ్యాపు కూడా మూసుకుపోయి ఉండవచ్చు. గ్యాపు ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఫీలర్ గేజీతో చూసుకోవాలే గానీ, ఇరిడియం ప్లగ్గుల్లో అర మిల్లీమీటరు మందం ఉండే మధ్య తీగను మాత్రం ఏ పనిముట్టుతోనూ నొక్కకూడదు, ఎమరీ పేపరుతో రుద్దకూడదు. పాత ప్లగ్గు పక్కన కొత్తదాన్ని నిలబెట్టి థ్రెడ్ల పొడవు సమానమో కాదో చూడటం అర నిమిషం పని. పొట్టిది వేస్తే కింద మిగిలిన థ్రెడ్లలో మసి నిండి, రేపు సరైన ప్లగ్గు దిగదు. పొడవుది వేస్తే పిస్టనుకు తగలవచ్చు. ఆ తరువాత ప్లగ్గు పైకొనకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి, దానితోనే గుంటలోకి దించి తిప్పాలి. ప్లగ్గు వంకరగా పడితే గొట్టం చేతిలో జారిపోతుంది గానీ థ్రెడ్లను కోయదు. ఒకసారి వెనక్కి తిప్పి, థ్రెడ్డు మొన సందులో పడి టక్కుమన్నట్టు తెలిశాక ముందుకు తిప్పితే మరీ మంచిది.

వాచరు ఆనే దాకా వేళ్ళ బలమే చాలు. అంతకు ముందే పానా అవసరమైందంటే ఎక్కడో తప్పు జరుగుతోంది, ఆపి వెనక్కి తీయాలి. ఆనిన తరువాత, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి. అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల దానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్ల దానికి 10 నుంచి 12 ఉంటుంది. మీ బండి పుస్తకం వేరే అంకె చెబితే దానిదే పైచేయి. టార్క్ రెంచి లేని షెడ్డులో ప్లగ్గు పెట్టె మీద గీసిన బొమ్మ ప్రకారం కోణంతో బిగించవచ్చు: కొత్త వాచరుకు ఇంచుమించు అర చుట్టు, ఒకసారి నలిగిన వాచరుతో అదే ప్లగ్గును తిరిగి వేస్తే చుట్టులో పన్నెండో వంతు. వాచరు లేకుండా ఏటవాలు సీటుతో వచ్చే ప్లగ్గులకు పదహారో వంతు చాలు. పొడవాటి హ్యాండిలుతో భుజబలం చూపించిన చోట ప్లగ్గు లోహపు ఒళ్ళు సాగి, లోపలి పింగాణీ పట్టు వదులై, కొత్త ప్లగ్గే లీకయ్యే స్థితికి వస్తుంది. మీ నాలుగో ప్లగ్గు మొదట వదులు, తరువాత అతి బిగువు అనే రెండు బాధలూ పడింది కనుక, చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా దాన్ని తిరిగి వేయవద్దు. మిగతా మూడింటి బిగువును కూడా టార్క్ రెంచితో సరిచూడమనండి.

మన జిల్లాల్లో ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. భోగాపురం, కళింగపట్నం వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ప్లగ్గు షట్కోణం మీద తుప్పు త్వరగా పడుతుంది, కనుక అక్కడివారు ఏడాదికి ఒకసారైనా కాయిళ్ళు తీయించి గుంటలను చూపించుకోవాలి. రెండవది వాటర్ సర్వీసు. బానెట్టు తెరిచి ప్రెషరు నీళ్ళు కొట్టించే అలవాటు వల్ల ప్లగ్గు గుంటలో నీరు నిలిచి, బూటు లోపల నిప్పు పక్కదారి పట్టడం వానాకాలంలో మిస్సింగ్‌కు పెద్ద కారణం. గుంటలో నీళ్ళకు బదులు ఇంజను ఆయిలు ఉంటే మాత్రం అది వాల్వు కవరు సీలు లీకు; ఆ సీలు మార్చకుండా బూట్లు ఎన్ని మార్చినా మెత్తబడి పాడవుతూనే ఉంటాయి.

ప్లగ్గు తీసినప్పుడు థ్రెడ్లు దెబ్బతిన్నట్టు తేలితే కంగారుపడి హెడ్డు మార్చనవసరం లేదు. పై ఒకటి రెండు థ్రెడ్లు మాత్రమే నలిగి ఉంటే ప్లగ్గు థ్రెడ్ ఛేజరుతో సరిచేయవచ్చు. పూర్తిగా పోతే రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త థ్రెడ్లు కొట్టి, లోపల తీగచుట్టు రకం హెలీకాయిల్ గానీ గట్టి లోహపు బుష్ గానీ దించుతారు. తరచూ విప్పే చోటు కనుక గట్టి బుష్ మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తీగచుట్టు కొన్నిసార్లు ప్లగ్గుతో పాటే ఊడి వస్తుంది. హెడ్డు బండి మీదే ఉండగా ఈ పని చేస్తే, థ్రెడ్లు కొట్టే పనిముట్టయిన ట్యాప్‌కు దట్టంగా గ్రీజు పూయించి, రెండు మూడు చుట్లకు ఒకసారి బయటికి తీసి రజను తుడిపించండి. పని అయ్యాక సిలిండరులో పడిన మిగతా రజనును సన్న గొట్టంతో వాక్యూము పెట్టి లాగించాలి. ఆ తరువాత కంప్రెషను గేజీ పెట్టించి నాలుగు సిలిండర్ల అంకెలనూ కాగితం మీద రాయించుకోండి. నాలుగోది మిగతావాటికి దగ్గరగా వస్తేనే షెడ్డువారికి పూర్తి డబ్బు ఇవ్వండి.